తెల్లకరక పూత

పూయని చెట్టు పూసిందంటే ఎవరైనా సంబరపడతారు. సంధ్యారాణికి మాత్రం ఆ పొద్దున గుండెల్లో రాయి పడింది.

కబురు తెచ్చింది పెంటమ్మ. తోటలో నీళ్లు పెట్టడం, ఊడవడం, కలుపు తీయడం అన్నీ ఆవిడ పనులే. చేతిలో పైపు అలాగే కారుతుండగా ఆఫీసు గది గడప దగ్గర నిలబడి, "మేడం, మన బోర్డు చెట్టుకు పూత పట్టింది. ఒకటే గబ్బు వాసన. జర వచ్చి చూడున్రి" అంది. తోటలో ప్రతి చెట్టుకూ ఒక రేకు బోర్డు ఉన్నా, బోర్డు చెట్టంటే అందరికీ ఒకటే చెట్టు. పాత ల్యాబుల వెనక, ఇనుప కంచె మధ్యన, ముందర నల్లరాతి పలక పెట్టించుకుని నిలబడ్డ తెల్లకరక. తూర్పు కనుమల్లో కొన్ని కొండల మీద తప్ప ఇంకెక్కడా పుట్టదనీ, నానాటికీ తగ్గిపోతున్న జాతి అనీ, ప్రొఫెసర్ రామారావు గారు మొక్కగా తెచ్చి నాటారనీ ఆ పలక మీద చెక్కి ఉంటుంది.

నాటిన దగ్గర్నుంచీ ఆ చెట్టు పూసి ఎరగదు. పక్కనున్న నీళ్ల ట్యాంకు నీడలో ఈసురోమంటూ పెరిగింది. ట్యాంకు పాడుపడిందని నిరుడు కూలగొట్టారు. ఎండ తగిలేసరికి చెట్టుకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు కొమ్మల చివర్ల నుంచి లేత పసుపు కంకులు వేలాడుతున్నాయి. సంధ్యారాణి సిమెంటు బెంచీ ఎక్కి, ఒక కొమ్మ వంచి, మెడలో తాడుకు వేలాడే భూతద్దం కంటికి ఆనించింది. తెల్లకరక పూతకాడ నున్నగా ఉండాలి. దీనికి సన్నని నూగు ఉంది. ఇంకో కంకి వంచి చూసింది. దానికీ నూగే. మరొకటి చూసే ధైర్యం లేక కొమ్మ వదిలేసింది.

అది తెల్లకరక కాదు. ఉత్త కరక. దగ్గొస్తే బుగ్గన పెట్టుకోమని ఇంట్లో పెద్దవాళ్లు ఇచ్చే కరక్కాయ. ఏ కిరాణా కొట్టులో అడిగినా పొట్లం కట్టి ఇస్తారు.

"ఏం పూత మేడం గది?" అని పెంటమ్మ కింద నుంచి అడిగింది. సంధ్యారాణి బెంచీ దిగి, చూడాలి అని మాత్రం అంది. ఆ తర్వాత చెట్టు చుట్టూ ఊరికే తిరిగింది.

చైతన్యపురి మెట్రో స్టేషన్ దాటి ఎల్బీనగర్ వైపు పోతుంటే, ర్యాంకుల ఫోటోలతో నిండిన కోచింగ్ సెంటర్ల మధ్య ఒక పాత ఇనుప గేటు వస్తుంది. లోపల యూనివర్సిటీ వాళ్ల సైన్సు కాలేజీ, దాని వెనక బొటానికల్ గార్డెన్. చుట్టుపక్కల వాళ్లకది వర్సిటీ తోట. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లూ, హాస్టల్ గదుల్లో ఉడికిపోలేక పుస్తకాలు పట్టుకుని నీడకొచ్చే పిల్లలూ, కాలేజీలో బోటనీ చదివేవాళ్లూ అందులో కలిసే తిరుగుతుంటారు. కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే సంధ్యారాణి దానికి ఇన్‌చార్జి. ఇన్‌చార్జి అంటే జీతం పెరగకుండా పెరిగే పని.

పరీక్షలు రాసేవాళ్లు ఇంతమంది ఉన్న చోట ఆన్‌లైన్ పరీక్షలకు ఒక భవనం లేకపోవడమేమిటని యూనివర్సిటీ పెద్దలకు తోచింది. పెద్దలకు ఏదైనా తోచిందంటే ఖాళీ జాగా మీదే తోస్తుంది. చెట్లున్న నేల వాళ్ల దృష్టిలో ఖాళీ నేలే. చెట్లు కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి గనక గురువారం కమిటీ వస్తుందని చెప్పారు. సంధ్యారాణి ఊరుకోలేదు. ఎవరి చేత చెప్పిస్తే వింటారో వాళ్లందరి దగ్గరికీ తిరిగింది. తోట మొత్తం మీద ఎవరూ కాదనలేని మాట ఒక్కటే దొరికింది, తెల్లకరక. ఆ పేరు మీద అర్జీ రాసింది, సంతకాలు పెట్టించింది. అరుదైన చెట్టుకు గండం అని పేపర్లో కూడా వచ్చింది. ఇప్పుడు తోట బతుకంతా ఆ ఒక్క చెట్టు మీద ఆనుకుని ఉంది.

ఆ చెట్టేమో సరిగ్గా ఈ వారమే నోరు విప్పింది.

ఆ రోజంతా సంధ్యారాణి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. క్లాసులో ఆకు పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయి, ఎక్కడున్నామని పిల్లలనే అడిగింది. టిఫిన్ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేసింది. ఎల్బీనగర్ చౌరస్తా వెనక కిరాయి ఇంటికి చేరాక కూడా వంటగదికీ వరండాకూ మధ్య నడుస్తూనే ఉంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. క్యాబ్ నడిపి అప్పుడే వచ్చిన భర్త కృష్ణ పొయ్యి తుడుస్తూ సంగతంతా విన్నాడు.

"చెట్టు పూసిందని గింత పరేషానయ్యే మనిషిని నిన్నే చూసిన" అన్నాడు.

ఆమెకు నవ్వు రాలేదు. నిజం చెబితే తోట పోతుంది, చెప్పకపోతే తను పిల్లలకు చెప్పే చదువు పోతుంది. ఏది పోయినా మిగిలేదేముందని అడిగింది. కృష్ణ పొయ్యి గుడ్డ పిండి ఆరేశాడు. రామారావు సారునే అడగరాదా, పెట్టినాయన ఆయనే కదా అన్నాడు.

మర్నాడు కాలేజీ అవగానే ఒక కంకిని తడిగుడ్డలో చుట్టి, ఖాళీ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయింది. రామారావు గారు రిటైరై చాలా కాలమైంది. చీరల కొట్ల సందులో ఒక అపార్టుమెంటులో ఉంటారు. ఆమెను చూడగానే ముఖం విప్పారింది. కమిటీలో ఎవరెవరున్నారు, అర్జీకి ఎంత మంది సంతకం పెట్టారు అని వరసగా అడుగుతుంటే, ఆమె డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టింది.

ఆయన కంకిని కిటికీ వెలుతురుకు తీసుకుపోయారు. బల్ల సొరుగులోంచి తన భూతద్దం తీశారు. కాడను రెండు వేళ్ల మధ్య తిప్పే తీరులో పాత ఒడుపు అలాగే ఉంది. కింద నుంచి పైకి చూశారు, పై నుంచి కిందికి చూశారు. తర్వాత భూతద్దం దించి, బయట వేలాడుతున్న పక్కింటి బట్టల వైపు చూస్తూ ఉండిపోయారు.

"మన చెట్టుదేనా?"

"మనదే సార్."

"కరక్కాయేనమ్మా."

కాఫీ తెచ్చిన ఆయన భార్య కోటేశ్వరమ్మ ఆ ఒక్క మాట విని, కరక్కాయకేం కరువండీ, వంటింట్లో డబ్బాడు ఉంది, ఈ అమ్మాయికి దగ్గా ఏమిటి, అరగదీసి తెస్తాను అంది. ఇద్దరూ కంకి వైపే చూస్తుండేసరికి కప్పులు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

రామారావు గారు కంకిని మళ్లీ డబ్బాలో పెట్టి, మొక్క తెచ్చిన నాటి సంగతి చెప్పారు. ఆ కొండ మీద రెండు రకాల కరకలూ పక్కపక్కనే పెరుగుతాయట. దిగేటప్పుడు రెంటి పిల్లమొక్కలనూ ఒకే గోనె సంచిలో తడిపి వేసుకున్నారట. రైలు దిగి చూసేసరికి ఒక్కటే పచ్చగా ఉందట. కావాలనుకున్నదే బతికిందని అనుకున్నారు. మనిషి ఎప్పుడూ అలాగే అనుకుంటాడు.

"పువ్వు చూడందే పేరు పెట్టొద్దని మీకందరికీ చెప్పినవాణ్ణి" అన్నారు.

నిజమే. ఆయన క్లాసులో మొదటి పాఠం అదే. ఆకులు మోసం చేస్తాయి, బెరడు మోసం చేస్తుంది, పువ్వొక్కటే అబద్ధమాడదు అనేవారు. అందుకే ఆకు చూసి ఎవరికైనా అనుమానం కలిగినా, పువ్వు లేకుండా ఆయన మాట కాదనే సాహసం డిపార్టుమెంటులో ఎవరూ చేయలేదు.

ఆమె బయల్దేరేటప్పుడు ఆయన గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, కమిటీ వచ్చేలోపు పూత కోయించెయ్యమన్నారు. ఉత్త ఆకు చూసి ఎవడూ పోల్చలేడన్నారు. ఆమె తలెత్తి చూసేసరికి ఆయన చూపు మెట్ల వైపు తిప్పుకున్నారు. గురువు నోట ఆ మాట విన్నందుకు ఆమెకు సిగ్గేసింది. తను అనలేని మాట ఇంకొకరు అన్నందుకు ప్రాణం కాస్త తేలికపడింది కూడా. మెట్రో పట్టాల కింద స్కూటీ నడుపుతూ ఆ రెండింటినీ ఇంటిదాకా మోసుకుపోయింది.

బుధవారం పొద్దున్నే నిచ్చెన, దోటి, రెండు గోనె సంచులు తెప్పించింది. చీడ పట్టింది, పూతంతా తెంపాలి అని పెంటమ్మతో చెప్పింది. పెంటమ్మ కొమ్మల వైపు చూసింది, ఆమె వైపు చూసింది.

"ఇన్నేండ్లకు పూసిన చెట్టును బోడి చేసుడేంది మేడం? పాపం గాదా?"

"చెప్పింది చెయ్ పెంటమ్మా."

అంత కటువుగా తను ఎప్పుడూ మాట్లాడలేదు. పెంటమ్మ కొంగు బొడ్లో దోపి నిచ్చెన ఎక్కింది. అందినవి చేత్తో తెంపుతూ, అందనివి దోటి కొక్కెంతో లాగుతూ పోతుంటే కంకులు కింద జలజల రాలాయి. ఆమె ఒక్కదానికే వదిలేయడం భావ్యం కాదని సంధ్యారాణి కూడా బెంచీ ఎక్కి తెంపసాగింది. ఎవరూ పూలు కోయరాదు అని తను రాయించిన బోర్డు సరిగ్గా ఎదురుగా ఉంది. చదువుకునే పిల్లలు పుస్తకాల మీది నుంచి తలలెత్తి చూశారు. వాసనకు తేనెటీగలు మూగాయి. ఒకటి మణికట్టు మీద కుట్టింది. కుట్టనీ, చేసే పనికి ఆ మాత్రం శిక్ష పడాల్సిందే అనుకుంది. సంచులు నిండాక, ఎరువు గుంతలో పారబోయమని చెప్పి చేతులు కడుక్కుంది. సబ్బుతో రుద్దినా వాసన పోలేదు.

గురువారం కమిటీ ఎండెక్కాక వచ్చింది. ముందు నడిచింది నాగార్జున గారు, యూనివర్సిటీలో కట్టడాల వ్యవహారాలు చూసే పెద్దమనిషి. కోపం తెచ్చుకోవడం ఆయనకు తెలియదు. చిరునవ్వుతోనే పనులు చేయించుకుంటారు. వెనక ఇద్దరు ఇంజినీర్లు, వాళ్ల వెనక అటవీ శాఖ నుంచి అభిలాష్ అనే యువకుడు. సన్నగా, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. అట్టకు క్లిప్పుతో బిగించిన కాగితాలు చంకలో పెట్టుకుని, దారిలో ప్రతి చెట్టునూ తల పైకెత్తి చూస్తూ వెనకబడిపోతున్నాడు.

అందరూ బోర్డు చెట్టు దగ్గర ఆగారు. ఎక్కడైనా ఒక కంకి మిగిలిపోయిందా అని సంధ్యారాణి కళ్లు కొమ్మకొమ్మనూ తడుముతున్నాయి. నాగార్జున గారు రాతి పలక మొత్తం చదివారు, ఫోన్‌తో ఫోటో తీసుకున్నారు, ఆమె వైపు తిరిగి నమస్కారం పెట్టినంత పని చేశారు.

"మీరు అర్జీలో రాసింది నూటికి నూరు పాళ్లు నిజం మేడం. ఇలాంటి చెట్టును పోగొట్టుకుంటే మనకు చరిత్రలో చెడ్డపేరు. అందుకే దీన్ని వేళ్లతో సహా క్రేనుతో లేపి, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర మన కొత్త స్థలంలో నాటిస్తున్నాం. పేపరు వాళ్లను కూడా పిలుద్దాం. మిగతావి మామూలు చెట్లే కదా, మీరే రాశారు."

తనే రాసింది. తక్కినవన్నీ ఎక్కడైనా దొరికే సాధారణ జాతులు, ఇదొక్కటే అపూర్వం అని, ఆ ఒక్కదాన్నీ ఎత్తి చూపడం కోసం రాసింది. ఆ వాక్యం ఎంత బాగా కుదిరిందో అని రాసిన రోజు మురిసిపోయింది కూడా. ఇంజినీర్లు అప్పుడే చేతులు చాపి భవనం ఎక్కడి నుంచి ఎక్కడికి వస్తుందో చూపించుకుంటున్నారు. ఆ చేతుల మధ్య మద్ది ఉంది, విప్ప ఉంది, పిల్లలు ఒరిగి కూర్చుని నున్నబడ్డ రావి మొదలు ఉంది. తోటకు డాలుగా పట్టుకున్న చెట్టును వాళ్లు తెరగా మార్చేసుకున్నారు. అదీ దొంగ చెట్టు. నిజమైనవన్నీ నరికించి, అబద్ధాన్ని ఒక్కదాన్ని క్రేనెక్కించి ఊరేగించబోతున్నారు. దానికి పూలు కోసి సింగారించింది తను.

ఆమె ఒక అడుగు ముందుకేసింది.

"సార్, ఇది తెల్లకరక కాదు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆమె పెంటమ్మ వైపు తిరిగి, గుంతలో పోసిన నిన్నటి పూత కొంచెం తెమ్మంది. పెంటమ్మ సంచులు గుంతలో పోయలేదు, మనసొప్పక షెడ్డు వెనకే పెట్టి ఉంచింది. ఒక సంచి ఈడ్చుకొచ్చి నాగార్జున గారి బూట్ల ముందు బోర్లించింది. వాడిపోయిన కంకులు కుప్పగా పడ్డాయి.

"ఇది మామూలు కరక సార్. ఈ వారమే పూసింది. పూత చూస్తే మీకు తెలుస్తదని నేనే తెంపించిన. తప్పు నాది."

నాగార్జున గారి చిరునవ్వు ఒక్క క్షణం తడబడి మళ్లీ సర్దుకుంది. అయితే కాపాడవలసినదేమీ లేదన్నమాట, క్రేను ఖర్చు కూడా తప్పింది అన్నారు. జూన్‌లో మేడం గారి కాంట్రాక్టు సంగతి కూడా ఒకసారి చూడాలి అని ఇంజినీర్లతో అన్నట్టుగా అన్నారు. ఇంజినీర్లు నేల చూశారు.

అభిలాష్ మాత్రం వంగి ఒక కంకి తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు.

"మిగతా చెట్ల పేర్లిచ్చింది కూడా మీ డిపార్టుమెంటే కదండీ. అవి కరెక్టేనా?"

సంధ్యారాణికి ఆ తోటలో తెలియని చెట్టు లేదు. కళ్లకు గంతలు కట్టి వదిలినా బెరడు తడిమి పేరు చెప్పగలదు. ఉన్న ఆస్తల్లా ఆ ఒక్క గర్వమే. అవును, అన్నీ కరెక్టే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే సాయంత్రానికి రంపాలు వస్తాయి.

"తెలియదు సార్" అంది.

"తెలియదా?" అన్నాడు అభిలాష్.

"పూత చూడకుండా పేరు పెట్టిన చెట్టు ఒకటి ఇప్పుడు తేలింది. అట్లాంటివి ఇంకెన్నున్నయో నేను చెప్పలేను. ఒక్కోటి పూసినప్పుడు చూస్తే గానీ తేలదు."

ఎప్పుడు పూస్తాయని అతను అడిగాడు. కొన్ని ఎండల్లో, కొన్ని వానలకు, కొన్ని కార్తీకం చలికి, కొన్ని మళ్లీ మాఘంలో అని ఆమె చెప్పింది. ఏ చెట్టు కొట్టడానికి ఒప్పుకుంటున్నానో తెలియకుండా తను సంతకం పెట్టలేనని అభిలాష్ నెమ్మదిగా అన్నాడు. తీరా కొట్టాక వాటిలో నిజంగానే అరుదైనదేదో ఉందని తేలితే జవాబు చెప్పుకోవలసింది తనేనన్నాడు.

నాగార్జున గారికి కోపం ఎలా వస్తుందో అందరూ అప్పుడే చూశారు.

"ఇన్నేళ్ల నుంచీ ఇక్కడ పాఠాలు చెబుతున్నారు, చెట్ల పేర్లు తెలియవంటారా? అసలు మీకు డాక్టరేట్ ఎవరిచ్చారండీ?"

"మీరే ఇచ్చిన్రు సార్, యూనివర్సిటీ."

ఒక ఇంజినీరుకు దగ్గొచ్చింది. సంధ్యారాణి చెవులు కాలిపోతున్నాయి. చెట్ల కింద కూర్చున్న పిల్లలు పుస్తకాలు మూసి మరీ వింటున్నారు. వాళ్లలో తన దగ్గర చదివినవాళ్లూ ఉన్నారు. రేపటికల్లా ఈ మాట కాలేజీ అంతా పాకుతుంది. సంధ్యారాణి మేడంకు చెట్లు తెలియవట అంటారు. అననీ. తలెత్తుకునే నిలబడింది.

ఇదంతా నాటకమనీ, కావాలంటే తానే నిరూపిస్తాననీ అంటూ నాగార్జున గారు విసవిసా నడిచి, దారి పక్కనున్న ఒక పెద్ద చెట్టు దగ్గర ఆగారు. మొదలు మీద చేత్తో కొట్టి, దీని పేరు కూడా తెలియదా మేడం అని అడిగారు. పెంటమ్మ పొద్దున ఆ చెట్టు కిందనే నిలబడి చిగురు దూసుకుంది. రాత్రి పప్పులోకి అనుకున్న ఆ చింతచిగురు ఇంకా ఆమె కొంగులోనే మూటగా ఉంది. అడిగింది తననే అనుకుని పెంటమ్మ నోరు తెరవబోయింది. సంధ్యారాణి చెయ్యి వేసి ఆమె భుజం నొక్కింది.

"పువ్వు చూడాలి సార్" అంది.

ఎవరూ నవ్వలేదు. నాగార్జున గారు అభిలాష్ వైపు తిరిగి, మీరన్నా చెప్పండి అన్నట్టు చూశారు. అభిలాష్ పెంటమ్మ దగ్గరికొచ్చి, అడిగి, కొంగులోంచి చిటికెడు చిగురు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. పులుపుకు ఒక కన్ను మూతపడింది. నెమ్మదిగా నమిలి మింగాడు. తర్వాత కాగితాల మీద ఏదో రాసి, కలం మూత పెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"ఏమో సార్, నాకూ అనుమానంగనే ఉంది" అన్నాడు. "వానలు పడనియ్యండి."